సేట్ అంటున్నడు

పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతుంటే ఆఫీసు ఫోను మోగింది. ఆఫీసు ఫోను అంటే ఆఫీసులో ఉంటుందనుకునేరు. అది మా వంటింట్లో, ఉప్పు డబ్బాకూ పసుపు డబ్బాకూ మధ్య ఉంటుంది. ముందుగదిలో బల్ల ఉంది, తిరిగే కుర్చీ ఉంది, ‘దశరథ్ రోడ్‌లైన్స్, లారీ బుకింగ్’ అని ఎర్ర అక్షరాల బోర్డు ఉంది. ఫోను ఒక్కటే లేదు. మోచేత్తో స్పీకరు నొక్కి, ‘దశరథ్ రోడ్‌లైన్స్, చెప్పండి’ అన్నాను.

అవతల ఒక ఆడపిల్ల గొంతు. బత్తాయి తోట నుంచి మాట్లాడుతున్నానంది. ఢిల్లీకి ఒక లోడు పోవాలట. లారీలో కొంచెం జాగా మిగులుతుంది కదా, అందులో పురుగుమందు డబ్బాలు కూడా వేస్తారా, దారిలో దింపి పోవాలి అని అడిగింది. జర ఆగండి, సేట్‌ను అడిగి చెప్తా అన్నాను. ఫోను మీద కొంగు కప్పి, చింతపండు పిండుతూ ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాను. కొంగు తీసి చెప్పాను.

“సేట్ అంటున్నడు, తినే సరుకున్న బండ్ల మందు డబ్బాలు పెట్టేది లేదు. కావాల్నంటే వాటికి వేరే చిన్న బండి చూస్తం.”

ఆ పిల్ల ఊరుకోలేదు. దారిలో లారీ ఆగిపోతే ఏం చేస్తారని అడిగింది. మళ్ళీ కొంగు, మళ్ళీ పది. ముందు మీకు ఫోన్ చేస్తం, మీరు సరేనంటేనే సరుకు వేరే బండిలోకి మారుస్తం అంటున్నడు సేట్, అన్నాను. బిల్టీ మీద, అంటే లారీతో పోయే రసీదు మీద, బరువు కొంచెం తక్కువ రాయరాదూ అంది. ఉన్న బరువే రాస్తం అంటున్నడు, అన్నాను. ఇట్లా మూడు ప్రశ్నలు, మూడుసార్లు పది లెక్క. అప్పటికి చింతపండులో రసం అయిపోయి పిప్పి మిగిలింది.

ఇంతకీ ఆ పొద్దున సేట్, అంటే మా ఆయన, ఊళ్ళోనే లేడు. స్నేహితుడి చెల్లెలి పెళ్ళని ముందురోజే కల్వకుర్తి పోయాడు. ఆయన సెల్లు స్విచ్ఛాఫ్‌లో ఉంది.

ఈ విద్య నాకు పుట్టుకతో రాలేదు. రాష్ట్రం వచ్చిన ఏడాదే నల్గొండలో, పానగల్ రోడ్డు మీద ఈ ఆఫీసు పెట్టాం. మొదటి నెలలోనే ఒక రైసు మిల్లు నుంచి ఫోనొస్తే, లారీ ఎప్పుడొస్తుందో, ఎన్ని టన్నులు పడుతుందో నేనే చెప్పేశాను. చెప్పింది తప్పేమీ కాదు. సాయంత్రం మిల్లాయన మా ఆయనకు ఫోన్ చేసి, ఏం దశరథ్, లోడు ఆడోళ్ళతోని మాట్లాడిస్తున్నవ్, నువ్వేం గాజులు తొడుక్కున్నవా అని అడిగి, ఆ లోడు వేరే ఆఫీసుకు ఇచ్చాడు. నాకు కడుపు మండిపోయింది. మా ఆయన మాత్రం నన్ను తిట్టలేదు. అదే నా ఖర్మ, ఆయన తిట్టే మనిషి కాదు. చాలా మెత్తగా, “చెప్పేది నువ్వే చెప్పు త్రివేణీ, గని నేనన్నట్టు చెప్పు. నీకేం పోతది?” అన్నాడు. నాకేం పోతుందో ఆ రోజు నాకూ తోచలేదు. అప్పట్నుంచి నేను సేట్ నోరునయ్యాను.

మా అత్త లక్ష్మీనర్సమ్మ ఇదంతా గడపలో కూర్చుని వింటూనే ఉండేది. ఒకరోజు, ఎవరితో మాట్లాడుతున్నవే కొంగు కింద, అని అడిగింది. మీ కొడుకుతో, అన్నాను. ఆమె నవ్వింది. మా మామ గొర్లు కాసిన మనిషి, నేను కాపురానికి రాకముందే పోయాడు. “మీ మామ ఉన్నప్పుడు ఆయన గొర్లు మేపుడే, అమ్ముడు నాది. ‘మా ఇంటాయన గింతకు తక్కువ ఇయ్యనంటుండు’ అని బేరం చేస్తుంటి. ఆయన సచ్చిపోయినంక గూడ రెండేండ్లు గట్లనే అన్న. అంగట్ల ఎవ్వడు అడగలే,” అంది. చెప్పి, నోట్లో వక్క వేసుకుని అటు తిరిగింది. అది నాకు ధైర్యం చెప్పడమో, నీ బతుకూ ఇంతే అని చెప్పడమో ఇప్పటికీ తేలలేదు.

ఒక సంగతి చెప్తే నవ్వుతారు. పదేళ్ళుగా ఫోనులో చెప్పీ చెప్పీ, నేను చేసిన సేట్ ఒకడు తయారయ్యాడు. వాడు మాట తూచి మాట్లాడతాడు. అబద్ధం చెప్పడు. డ్రైవర్లకు అన్నం వేళ అయిందా లేదా అని కనుక్కుంటాడు. పాలమూరు వైపు పల్లికాయ వ్యాపారులు మా ఆయన ఎదురుపడితే, నీ అసొంటి మాట మీద నిలబడే మనిషిని చూడలే సేట్, అంటారు. మా ఆయన మురిసిపోతాడు. నిజమైన దశరథ్ చెడ్డవాడు కాదు, కానీ వేరే. పొద్దున లేస్తే చాయ్ హోటలు, అక్కడ నలుగురు, ఏది అడిగినా ‘అయితది లే’ అనే మనిషి. తాళి కట్టినవాడు ఒకడు, కొంగు కింద ఉన్నవాడు ఇంకొకడు. నాకు ఎవరి మీద గౌరవమో, ఎవరికి అన్నం పెడుతున్నానో ఒక్కోసారి అర్థమయ్యేది కాదు. అడుగుదామంటే ఎవర్నని అడుగుతాం ఇట్లాంటివి?

ఇట్లా నడుస్తుండగా సంఘం వాళ్ళ కాగితం వచ్చింది. నల్గొండ, పాలమూరు రెండు వైపుల బుకింగ్ ఆఫీసులు కలిసి రవాణా ఏజెంట్ల సంఘం పెట్టుకున్నాయి. ఇన్నాళ్ళూ ఒక బల్ల, ఒక ఫోను ఉన్న ప్రతివాడూ ట్రాన్స్‌పోర్టే. ఇక మీద అట్లా కుదరదట. ప్రతి ఆఫీసు నుంచి ఒక ‘బాధ్య వ్యక్తి’ పేరు రాసివ్వాలి. ఆ మనిషికి రెండు రోజులు క్లాసులు, తర్వాత పరీక్ష, పాసైతే ఫోటోతో కార్డు. కార్డున్న మనిషి మాటే మాట, సంతకమే సంతకం. మిల్లులూ తోటలూ ఆ కార్డున్న ఆఫీసులకే లోడు ఇస్తామని ఒప్పుకున్నాయి. సంఘానికి అధ్యక్షుడు పీర్ మహమ్మద్ సాబ్. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న పెద్దమనిషి, అందరికీ ఆయన మీద గురి.

ఫారం నేనే నింపాను, మా ఆయన చాయ్ తాగుతూ చెప్పాడు. బాధ్య వ్యక్తి: దశరథ్. ఆఫీసులో పనిచేసే సిబ్బంది అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది. ఏం రాయాలె, అని అడిగాను. నిల్ అని రాయి, ఎవరున్నరు మనకు, అన్నాడు. నేను నిల్ అని రాశాను. ఎంత చక్కగా రాశానంటే, అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను. అన్నం మాడిన వాసన వస్తేగానీ లేవలేదు.

క్లాసులకు మా ఆయన మొదటి పూట పోయాడు. మిగతా మూడు పూటలు సంతకం పెట్టి హోటల్లో కూర్చున్నాడు. పరీక్ష ఎప్పుడు, ఎట్లా పెడతారో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే పెట్టేశారు. ఆ బత్తాయి తోట పిల్ల ఉంది చూశారూ, అదే పరీక్ష. ఆ పిల్ల పేరు ఇఫ్రా, పీర్ మహమ్మద్ సాబ్ మనవరాలు. హైదరాబాదులో ఈ సరుకు రవాణా చదువే చదువుకుందట. ప్రతి ఆఫీసుకూ లోడు ఇచ్చే పార్టీలా ఫోన్ చేసి, జవాబులు రికార్డు చేసి మార్కులు వేసింది.

ఫలితం ఆఫీసు ఫోనుకే వచ్చింది కాబట్టి మొదట చూసింది నేనే. దశరథ్ రోడ్‌లైన్స్ రెండు జిల్లాల్లో ఫస్టు. యజమాని నిర్ణయశక్తికి నూటికి తొంభై రెండు. కింద ఇంకో వాక్యం ఉంది. ‘ఫోన్ ఎత్తిన మహిళ ఏ ప్రశ్నకూ స్వయంగా జవాబు చెప్పలేకపోయారు. ప్రతిదానికీ యజమానిని అడుగుతున్నారు. ఆమెకు ప్రాథమిక శిక్షణ అవసరం.’

నాలుగుసార్లు చదివాను. కోపం రావాలి కదా, సరిగా రాలేదు. నవ్వొచ్చింది, అది కూడా సగంలో ఆగిపోయింది. తొంభై రెండు మార్కులు నావే కదా అని ఒక క్షణం సంతోషం, మరి ఆ అసమర్థురాలు ఎవరు అని ఇంకో క్షణం దిగులు. ఆ పిల్లను తప్పు పట్టడానికి లేదు, విన్నదే రాసింది. వినిపించింది నేను. మిల్లాయన ఎప్పుడో పదేళ్ళ కింద ఒక మాటంటే, ఆ తర్వాత ఎవరూ అడక్కపోయినా రోజుకు ఇరవైసార్లు నన్ను నేనే కొంగు కింద దాచుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఎవరిని నిలదీయాలి? మా ఆయన్నా, అత్తనా, నన్నా? మా అమ్మాయి ప్రణీత ఇంటర్ చదువుతోంది. చూసి, రీవాల్యుయేషన్ పెట్టుకో అమ్మా, అంది తేలిగ్గా. దాని మీద విసుక్కున్నాను. అది పాపం ఏం చేసింది?

మా ఆయన వచ్చి చదివి పకపకా నవ్వాడు. “నీకు ట్రైనింగ్ కావాల్నట గదనే,” అన్నాడు. ఆ రోజు నువ్వు కల్వకుర్తిలో ఉన్నావు, అన్నాను. అయితే ఏంది అన్నట్టు చూశాడు. ఇన్నేళ్ళు నా దగ్గరుంటే ఆ మాత్రం తెలివి రాదా, నేనేం చెప్తానో నీకు తెలుసు గదా, అన్నాడు. దొంగతనం చేసినవాడి మొహం కాదు అది. నిజంగానే నమ్ముతున్న మొహం. తిట్టేవాడైతే తిరగబడొచ్చు, మోసం చేసేవాడైతే పట్టుకోవచ్చు. ఏమీ తెలియని మనిషిని ఏం చేస్తాం?

ఆదివారం ఫంక్షన్ హాల్లో సభ, ఫస్టు వచ్చినవాళ్ళకు శాలువా. అంతే కాదు, కొత్త ఆఫీసులకు క్లాసులు చెప్పే కమిటీలో మా ఆయనను వేస్తారట. ఐదు నిమిషాలు మాట్లాడాలె, జర రాసియ్యి, అన్నాడు. రాసిచ్చాను. ఎందుకు రాసిచ్చావని మీరు అడగొద్దు. రాస్తుంటే బాగానే అనిపించింది కూడా. పనంటే నాకు ఇష్టం, సిగ్గు లేకుండా చెప్తున్నాను. ఎక్కడ ఎంత బరువు, ఏ సరుకు పక్కన ఏది ఉండకూడదు, డ్రైవరుకు ఏం చెప్పాలి, ఇవి ఆలోచిస్తుంటే నాకు ఆకలి కూడా తెలియదు.

సభకు కుటుంబ సమేతంగా రమ్మన్నారు కాబట్టి నేనూ పోయాను. ఆడవాళ్ళందరినీ ఎడమవైపు కూర్చోబెట్టారు. మా ఆయన తెల్ల చొక్కా వేసుకుని స్టేజీ ఎక్కి, నేను రాసింది చూసి తడబడకుండా చదివాడు. చప్పట్లు కొట్టారు. పక్కనున్నామె నా మోచెయ్యి తట్టి, మీ ఆయన ఎంత మంచిగ మాట్లాడిండు, అంది. తలూపాను.

తర్వాత ఇఫ్రా లేచింది. సన్నగా, కళ్ళద్దాలతో, మా ప్రణీతకంటే నాలుగైదేళ్ళు పెద్దది, అంతే. మంచి ఆఫీసు ఎట్లా మాట్లాడాలో అందరూ వినాలని మా రికార్డు పెట్టింది. హాలంతా నా గొంతు. జర ఆగండి, సేట్‌ను అడిగి చెప్తా. తర్వాత నిశ్శబ్దం. పది లెక్కపెట్టడం ఎంతసేపు పడుతుందో ఆ రోజు దాకా నాకు తెలియదు. అంత పెద్ద హాల్లో అంతమంది మగవాళ్ళు నోరు మూసుకుని, లేని సేట్ మాట కోసం ఎదురుచూశారు. సేట్ అంటున్నడు, అని నా గొంతు రాగానే అందరూ తలలూపారు.

ఇఫ్రా మైకు మా ఆయన చేతికిచ్చింది. “దశరథ్ అన్నా, పండ్లతోని మందు డబ్బాలు ఎందుకు వద్దన్నరు? కొత్తోళ్ళకు జర చెప్పుండ్రి,” అంది.

ఇది నేను రాసిచ్చిన కాగితంలో లేదు. ఆయన నవ్వుతూ మైకు దగ్గరకు తీసుకున్నాడు. “వద్దనేది ఏముంటది అమ్మా? నడుమ టార్పాలిన్ పట్టా అడ్డం కడితే అయితది. ఎంతమంది ఎయ్యట్లే?”

ముందు వరుసలో ఎవరో దగ్గారు. ఇఫ్రా చేతిలో కాగితం చూసుకుంది, ఆయన వైపు చూసింది, మళ్ళీ కాగితం చూసుకుంది. రికార్డులో వద్దన్నరు కదన్నా, అంది మెల్లగా. మా ఆయన మొహంలో నవ్వు అట్లాగే ఉంది గానీ కళ్ళు నా కోసం వెతికాయి. ఎడమవైపు, నాలుగో వరుసలో దొరికాను. చెప్పవేం, అన్నట్టు చూశాడు. పదేళ్ళలో ఆయన నన్ను అంత సూటిగా ఏదీ అడగలేదు.

ఒక్క మాట చాలు. మరిచిపోయినట్టున్నరు, ఆ రోజు వద్దనే అన్నరు, అని లేచి చెప్తే అందరూ నవ్వేసి ముందుకు పోతారు. శాలువా ఉంటుంది, కార్డు వస్తుంది, లోడు ఆగదు. ఇది నా ఇల్లు, ఆ లోడు మీదే నా పిల్ల చదువు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ లేచి నిలబడ్డాను. ఏం చెప్పబోతున్నానో నిలబడ్డాక కూడా తెలియదు.

“ఆ దినం ఆయన ఊర్ల లేడు,” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మరి సేట్ అన్నడని చెప్పిండ్రు కదా అక్కా, అంది ఇఫ్రా, పాపం ఇంకా అర్థం కాక. “చెప్పిన. చెప్పింది నేనే, అన్నది గూడ నేనే. సేట్ ఎవ్వరు లేరమ్మా ఆడ,” అన్నాను.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనక నుంచి ఎవడో, అయితే మార్కులు వంటింటికి పోయినయ్, అన్నాడు. కొందరు నవ్వారు. నాలుగో వరుసలో, నా పక్కనున్నామె నవ్వలేదు. ఆమె తల దించుకుని తన చేతులు చూసుకుంటోంది. ఆమె ఇంట్లో ఫోను ఎక్కడుంటుందో నాకు అప్పుడు తోచింది.

పీర్ మహమ్మద్ సాబ్ లేచారు. చెయ్యెత్తితే హాలు సద్దుమణిగింది. ఆయన నా మీద కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. మెచ్చుకుంటారేమో అని మనసులో ఒక మూల ఆశ ఉన్నట్టుంది, మెచ్చుకోనూ లేదు. “చూడు బేటీ, కాయిదా అంటే కాయిదా, రూలు తప్పరాదు. ఈ మార్కులు దశరథ్‌కు చెల్లయ్, ఆయన చెప్పలే కాబట్టి. నీకు చెల్లయ్, నీ పేరు ఫారంల లేదు కాబట్టి. సిబ్బంది నిల్ అని ఉన్నది,” అన్నారు. అది రాసింది కూడా నేనే సాబ్, అన్నాను. సోమవారం కార్డు కోసం సంఘం ఆఫీసుకు మీల ఒక్కరు రావాలె, ఎవరో మీరే అనుకోండ్రి, అని ఆయన కూర్చున్నారు.

సభ అయ్యాక మా ఆయన బండి తీశాడు. నేను వెనక కూర్చుని, ఎవరో దగ్గరివాళ్ళు పోయినట్టు ఏడ్చాను. నిజంగానే ఒక మనిషి పోయాడు. పదేళ్ళు నా కొంగు కింద ఉన్న ఆ మంచి సేట్ ఇక లేడు, నేనే అందరి ముందు వాడు లేడన్నాను. వాడు నేనే కదా, మరి నాకెందుకు ఇంత దుఃఖం? మొగుడి పరువు తీశానని ఏడుస్తున్నానా, నా పరువు దొరికిందని ఏడుస్తున్నానా? రెండూ కాదేమో. క్లాక్ టవర్ దాటాం, చౌరస్తా దాటాం, ఏదీ తేలలేదు.

ఇంటి ముందు బండి ఆపాడు, దిగలేదు. తాళంచెవి చేతిలో తిప్పుతూ బోర్డు వైపు చూస్తున్నాడు.

“ఎందుకట్ల చేసినవ్ త్రివేణీ?”

“తెల్వదు,” అన్నాను. అది నిజం.

“ఇప్పుడందరు నన్ను చూసి నవ్వుతరు.”

నవ్వుతారు. ఆయన మీద జాలేసింది, జాలేసినందుకు నా మీద నాకే చిరాకేసింది. లోపల వంటింట్లో ఫోను మోగుతోంది. ఇద్దరం వింటున్నాం, ఇద్దరం కదల్లేదు. అది మోగి మోగి ఆగిపోయింది.

“మరి సోమవారం ఎవరు పోవాలె?” అన్నాడు చివరికి. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను తెలియక అడిగిన మొదటి ప్రశ్న అది కావచ్చు.

కొంగుతో మొహం తుడుచుకున్నాను. పది లెక్కపెట్టలేదు.

“నేను పోత. నువ్వు ఇంట్ల ఉండి ఫోనెత్తు. ఎవరేమన్న అడిగితే, నీకు తోచింది చెప్పకు. ఆమె లేదు, వచ్చినంక చెప్తది అను.”